దాచవలసిందేమిటి? వదలదగిందేమిటి?

"సర్వర్లో వున్నదంతా నకలు తీసి పెట్టేస్తే పోలా? ఇందులో ఆలోచించడానికేముంది?" అని ఈ వ్యాసం పేరు చూడగానే కొందరు మిత్రులకు అనిపించవచ్చు. డిస్కులు వూరికే వస్తే, రాత్రికి నలభై గంటలుంటే, నిజంగానే ఆలోచించాల్సిన పని లేదు. మన కాలేజీల్లో ఆ రెండూ లేవు. అంచేత ఏదో ఒకటి వదలక తప్పదు. తెలిసి వదలడం వేరు, తెలియక వదలడం వేరు. తెలియక వదిలిందేమిటో డిస్కు చచ్చిన రోజునగాని బయటపడదు.

ఫైల్ సర్వర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. డిపార్ట్‌మెంటులో ఓ మూల గదిలో రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటరు. అందులో నాలుగైదు పెద్ద డిస్కులుంటాయి. ల్యాబులో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా దానిలోని ఫోల్డర్లు తెరుచుకోవచ్చు. లెక్చరర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, రికార్డు పుస్తకాల ఫోటోలు, సీనియర్ల ప్రాజెక్టులు అన్నీ అక్కడికే చేరతాయి. అందరిదీ ఒకే చోట వుండటం ఎంత సదుపాయమో అంత ప్రమాదం. పోతే అందరిదీ ఒక్కసారే పోతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పుకోవాలి. సర్వర్లో డిస్కుల్ని జతగా పెట్టి, ఒకదాని మీద రాసింది రెండోదాని మీద కూడా అదే క్షణంలో రాసే ఏర్పాటు వుంటుంది. రెయిడ్ అంటారు. "మాకు రెయిడ్ వుందండీ, ఇక బ్యాకప్ ఎందుకు?" అనేవాళ్ళు లెక్చరర్లలో కూడా వున్నారు. ఒక డిస్కు కాలిపోతే రెయిడ్ పని ఆగనివ్వదు, నిజమే. కాని అది అద్దం లాంటిది. నుదుటి బొట్టు చెరిపేస్తే అద్దంలో బొట్టు కూడా పోతుంది గదా! ఎవరో పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే రెండు డిస్కుల్లోనూ అది ఒకేసారి తుడిచిపెట్టుకుపోతుంది. బ్యాకప్ అంటే నిన్నటి ముఖాన్ని కూడా గుర్తు పెట్టుకునే నకలు.

పోయిన విద్యా సంవత్సరంలో మా భూగర్భశాస్త్ర విభాగం సర్వర్‌కి బ్యాకప్ ఏర్పాటు చేసే పనిలో మా లెక్చరర్ గారు మమ్మల్ని ముగ్గురు విద్యార్థుల్ని కూడా కలుపుకున్నారు. మంజూరైనవి 2 టెరాబైట్ల బయటి డిస్కులు రెండు. సర్వర్లో వున్న సరుకు 4.6 టెరాబైట్లు. రెండూ కలిపితే నాలుగు గదా అనుకోవద్దు. ఒక డిస్కు ఇక్కడ, రెండోది వేరే భవనంలో వుండాలి, రెండింట్లోనూ అదే సరుకు వుండాలి. అంటే మా చేతిలో వున్న చోటు రెండే. పైగా ఆ రెండో భవనానికి తీగ మీద పంపాలి. మా లైను సెకనుకు 100 మెగాబిట్లది, సెకనుకు పది మెగాబైట్లు నడిస్తే గొప్ప. ఆ లెక్కన మొత్తం 4.6 టెరాబైట్లు అవతలికి చేరడానికి అయిదు రోజులకు పైన పడుతుంది. ఈలోగా ఇక్కడ ఫైళ్ళు మారిపోతూనే వుంటాయి.

సాధారణంగా ఇలాంటప్పుడు జనం పరిమాణం చూస్తారు. పెద్దదాన్ని వదిలేస్తారు, చిన్నదాన్ని తీసుకుంటారు. ఈ పద్ధతి ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే దక్షిణ కొరియా దాకా వెళ్ళాలి. అక్కడ డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. వాటిలో 96 మంటలకే నేరుగా గురయ్యాయి. మిగతా వాటి సంగతి ఎలా వున్నా, 'జీ డ్రైవ్' అనే దానికి బయట ఎక్కడా నకలు లేదు. అదేమిటనుకున్నారు? ఫైల్ సర్వరే! ప్రభుత్వోద్యోగులు పనికి సంబంధించిన కాగితాలు దాచుకోవడానికి ఒక్కొక్కరికి 30 గిగాబైట్ల చోటిచ్చిన పెద్ద ఫైల్ సర్వర్. అందులో 858 టెరాబైట్లున్నాయి. మరీ పెద్దది గనుక బయట బ్యాకప్ పెట్టలేదని అధికారులు చెప్పారు. ఆమోదం పొందిన తుది పత్రాలు వేరే వ్యవస్థలో కూడా వుండబట్టి అవి దక్కాయి. ఇంకా బల్ల మీద నలుగుతున్న పని పోయింది. ఆ 858 టెరాబైట్లలోనూ మళ్ళీ సంపాదించుకోగలిగిన సరుకు చాలానే వుండి వుంటుందని నా అభిప్రాయం. దాన్ని విడదీసి చూస్తే అసలు దాచవలసింది చిన్న ముద్దే అయ్యేదేమో. మొత్తాన్ని ఒకే మూట కట్టి, మూట బరువుగా వుందని వదిలేశారు.

అంచేత అడగవలసిన ప్రశ్న "ఇది ఎంత పెద్దది?" అని కాదు. "ఇది ముఖ్యమైనదా?" అని కూడా కాదు, ఎందుకంటే ఎవర్నడిగినా వాళ్ళది ముఖ్యమైనదే అంటారు. అడగవలసింది: ఇది పోతే మళ్ళీ ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నాళ్ళకి వస్తుంది, ఎవరు తెస్తారు?

కళ్ళంలో ధాన్యం చూసినవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. ఎకరానికి ముప్పై పైచిలుకు బస్తాలు పండితే, మళ్ళీ ఎకరం నాటడానికి కావలసిన విత్తనం పాతిక కిలోలు. అంటే వందకు ఒక పాలు. తిండి గింజలు తక్కువైతే కొనుక్కోవచ్చు, అప్పు తెచ్చుకోవచ్చు. ఇంట్లో ఏళ్ళ తరబడి నిలుపుకొచ్చిన రకం విత్తనం పోతే ఏ అంగడిలోనూ దొరకదు. అందుకే మా నాయనమ్మ కంది విత్తనాన్ని బూడిద కలిపి కుండలో మూతి కట్టి అటక మీద పెట్టేది, కొంచెం పక్కింట్లో కూడా ఇచ్చి వుంచేది. తిండి కందులు మాత్రం డబ్బాలో వంటింట్లోనే వుండేవి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో వున్న ఇక్రిశాట్ విత్తన బ్యాంకు కూడా చేస్తున్నది ఇదే. తన దగ్గరున్న జొన్న, కంది, శనగ, వేరుశనగ రకాల నకళ్ళను నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాకు పంపి వుంచింది.

ఈ ప్రశ్న పట్టుకుని మా 4.6 టెరాబైట్లను విడదీశాం. సినిమాలు కాదుగాని, ఇంటర్నెట్ నుంచి దింపిన పాఠాల వీడియోలు 1.5 టెరాబైట్లు తేలాయి. ఆపరేటింగ్ సిస్టములు, సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లు 1.2. ఉపగ్రహ చిత్రాలూ వాటి మీద చేసిన లెక్కలూ 1.1. పారేసిన పాత కంప్యూటర్ల డిస్కుల్ని యథాతథంగా కుమ్మరించింది 0.5. మిగిలింది 0.3, అనగా 300 గిగాబైట్లు. నోట్సులు, ప్రశ్నపత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు, ఫీల్డు ఫోటోలు, రాళ్ళ నమూనాల పట్టికలు అందులోనే వున్నాయి. వందకు ఆరేడు పాళ్ళు. విత్తనం లెక్కకు మరీ దూరం కాదు.

వీడియోల గురించి పెద్దగా తగువు రాలేదు. మళ్ళీ దింపుకోవచ్చు. అందులో మన విభాగంలోనే రికార్డు చేసిన అతిథి ఉపన్యాసాలు కొన్ని కలిసిపోయి వుంటే వేరుచేసి ఇవతలికి తెచ్చాం.

ఉపగ్రహ చిత్రాల దగ్గర మాత్రం సీనియర్లకీ మాకూ వాదన జరిగింది. వాళ్ళు ల్యాండ్‌శాట్ చిత్రాలు తీసుకుని మా జిల్లాలో చెరువుల విస్తీర్ణం ఎలా తగ్గిందో లెక్క కట్టారు. మూడు వారాల పాటు కంప్యూటరు నడిచిందట. "మూడు వారాల శ్రమ వదిలేస్తారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ 1.1 టెరాబైట్లలో ఏమేమున్నాయో విప్పి చూద్దాం. మూల చిత్రాలు అమెరికా భూగర్భ సర్వే వాళ్ళు 2008 నుంచి వుచితంగా ఇస్తున్నవే. ల్యాండ్‌శాట్-5 ఉపగ్రహం 1984లో ఎగిరి 2013లో పని మానేసింది, అయినా అది తీసిన చిత్రాలు ఇవాళ కూడా దొరుకుతున్నాయి, ఎవరో శ్రద్ధగా దాచబట్టి. కాబట్టి చిత్రాలు మనం దాచనక్కర్లేదు, ఏ చిత్రాలు వాడామో వాటి సంఖ్యల జాబితా దాస్తే చాలు. లెక్క మధ్యలో పుట్టే ఫైళ్ళు, అంటే మేఘాలు తీసేసినవి, హద్దుల ప్రకారం కత్తిరించినవి, వీటన్నిటినీ ప్రోగ్రాము మళ్ళీ పుట్టిస్తుంది. దాచవలసింది ప్రోగ్రాము, దానికిచ్చిన కొలతలు, ఆఖరి పట్టిక. ఇవన్నీ కలిపి 40 మెగాబైట్లు కూడా లేవు.

ఇంకొకటి మిగిలింది. చెరువు దగ్గరికి వెళ్ళి నిలబడి, జీపీఎస్‌లో స్థానం చూసి, "ఇక్కడ తుమ్మచెట్లు, ఇక్కడ నీళ్ళు, ఇక్కడ మిరప" అని రాసుకొచ్చిన 600 బిందువుల పట్టిక. ఇదీ విత్తనం! ఆ రోజు అక్కడ మిరప వుందని ఇవాళ వెళ్ళి ఎవరు చూడగలరు? లెక్కను మళ్ళీ చెయ్యవచ్చు. చూసినదాన్ని మళ్ళీ చూడలేం. సైన్సు విద్యార్థులుగా మనం ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ప్రయోగశాలలో మళ్ళీ చేసుకోగల టైట్రేషన్ విలువ వేరు, గడిచిపోయిన ఒక తారీఖున బయట కొలిచిన విలువ వేరు.

దీనికి ఇంతకన్న పెద్ద సాక్ష్యం పాత కంప్యూటర్ల కుప్పలో దొరికింది. ఆ 0.5 టెరాబైట్లను మొత్తంగా వదిలేద్దామనే అందరం అనుకున్నాం. పాత విండోసు ఫైళ్ళు, వైరస్సులు, ఎవరివో పెళ్ళి ఫోటోలు. అయినా లెక్చరర్ గారు ఒక్కో ఫోల్డరు తెరిచి చూడమన్నారు. 'ఓల్డ్ పీసీ 3' లోపల 'డెస్క్‌టాప్', దాని లోపల 'న్యూ ఫోల్డర్ 2', అందులో 11 మెగాబైట్ల ఎక్సెల్ ఫైళ్ళు. మా విభాగంలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు 2003 నుంచి 2016 వరకు ఏటా మే నెలలో, నవంబరులో, మెట్ట మండలాల్లోని నలభై బావుల నీటిమట్టం విద్యార్థుల చేత కొలిపించి పెట్టిన లెక్కలు అవి. వాటిలో కొన్ని బావులు పూడిపోయాయి. కొన్నిటి పక్కన మూడేసి బోర్లు పడ్డాయి. ఏ ఏడు నీరు ఎంత లోతుకు దిగిందో ఆ వూళ్ళవాళ్ళు చేతులతో చూపించి చెప్పగలరుగాని మీటర్లలో చెప్పలేరు. 4.6 టెరాబైట్ల సర్వర్లో 11 మెగాబైట్లు అంటే నాలుగు లక్షల పాళ్ళలో ఒక పాలు. పేరు 'న్యూ ఫోల్డర్ 2'. పరిమాణం చూసిగాని, పేరు చూసిగాని దాని విలువ పోల్చుకోవడం ఎవరి తరం? అందుకే ఈ ఎంపిక కంప్యూటరుకు వదిలేసే పని కాదు. ఆ విభాగంలో పాతికేళ్ళుగా వున్న అటెండరును అడిగితే తెలిసినంత కూడా ప్రోగ్రాముకు తెలియదు.

ఇక ఎంపిక అయ్యాక దాన్ని బ్యాకప్ ప్రోగ్రాముకు చెప్పే తీరులో ఒక కిటుకు వుంది. "ఫలానా ఫలానా ఫోల్డర్లు తీసుకో" అని చెప్పడం ఒక పద్ధతి. "అన్నీ తీసుకో, ఫలానావి మాత్రం వదిలెయ్యి" అని చెప్పడం మరో పద్ధతి. ఇవాళ్టికి రెండూ ఒకటే. వచ్చే ఏడాదికి ఒకటి కావు. జూన్‌లో కొత్త లెక్చరర్ వచ్చి కొత్త ఫోల్డరు తెరుస్తారు. మొదటి పద్ధతిలో దాన్ని జాబితాలో చేర్చాలని ఎవరికీ గుర్తుండదు, అది నిశ్శబ్దంగా బయట వుండిపోతుంది. రెండో పద్ధతిలో అది దానంతటదే లోపలికి వస్తుంది. మరీ పెద్దదైతే డిస్కు నిండిపోయి ప్రోగ్రాము గోల పెడుతుంది. గోల పెట్టడం మంచిదే, గోల పెడితేనే గదా మనం వెళ్ళి చూసేది! అందుకని మేము వదిలేవాటినే పేరు పేరునా రాశాం. రాసి, పక్కనే ఎందుకు వదిలామో, మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో కూడా రాశాం. వదిలినవాటిలోని ఫైళ్ళ పేర్లు మాత్రం అన్నీ దాచాం. పేర్ల జాబితాకు పట్టే చోటు ఎంతని!

ఫోల్డర్లలో కనపడనివి కూడా కొన్ని దాచాలి. సర్వర్లో ఎవరెవరికి ఖాతాలున్నాయి, ఎవరు ఏది తెరవవచ్చు, ఏది దిద్దవచ్చు అన్న అనుమతులు, సర్వర్ అమరికల ఫైళ్ళు. ఇవి లేకుండా ఫైళ్ళు మాత్రమే తిరిగొస్తే, ప్రశ్నపత్రాల ఫోల్డరు మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెరుచుకుంటుంది. నమూనాల పట్టిక డేటాబేసులో వుంటే, అది నడుస్తుండగా దాని ఫైలును వున్నపళంగా నకలు తియ్యకూడదు. సగం రాసిన వాక్యం ఫోటో తీసినట్టవుతుంది. ముందు డేటాబేసు చేత తన సరుకంతా ఒక ఫైలుగా బయటికి రాయించి, ఆ ఫైలును తీసుకోవాలి. నకలుకు తాళం వేస్తే, అంటే ఎన్‌క్రిప్ట్ చేస్తే, ఆ తాళంచెవి మాట ఆ సర్వర్లోనే రాసి పెట్టుకోవడం బావిలో పడ్డవాడు చేంతాడు కూడా బావిలోనే దాచుకోవడం లాంటిది. మేము కాగితం మీద రాసి హెడ్ గారి బీరువాలో పెట్టించాం.

ఎన్ని రోజుల వెనకటి నకళ్ళు వుంచాలన్నది కూడా ఎంపికలో భాగమే. నిన్నటి నకలు ఒక్కటే వుంటే, పదిరోజుల క్రితం పాడైన ఫైలు నకల్లో కూడా పాడయ్యే వుంటుంది. సెమిస్టరుకు ఒకసారి తెరిచే ఫైలు పాడైన సంగతి ఆరు నెలలకుగాని తెలియదు. మంచి బ్యాకప్ ప్రోగ్రాములు మొదటిసారి మొత్తం తీసుకుని, తర్వాత మారినవాటినే తీసుకుంటాయి. మా దగ్గర రోజుకు మారేది ఒక గిగాబైటు లోపే. 300కు ఏడాది మార్పులు 365 కలిపినా 665 గిగాబైట్లు. రెండు టెరాబైట్ల డిస్కులో సుఖంగా పడుతుంది. 4.6 టెరాబైట్లు మోసి వుంటే ఈ ఏడాది జ్ఞాపకశక్తి మాకు దక్కేది కాదు.

రెండో డిస్కు వేరే భవనంలో ఎందుకన్నారు కొందరు. అగ్గి, పిడుగు, దొంగ అన్న మూడు మాటలు చెప్పి వూరుకోవచ్చు. నాలుగోది రాన్సమ్‌వేర్. ఇది ఫైళ్ళన్నిటికీ తాళం వేసి సొమ్ము అడిగే దొంగ ప్రోగ్రాము. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రిలో ఇది అయిదు సర్వర్లను పట్టింది. సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. రెండు వారాల పాటు చాలా పనులు చేతిరాత మీద నడిచాయి. చివరికి రోగుల వివరాలు తిరిగొచ్చింది ఆ దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి. తగలకుండా వుండాలంటే నకలు ఎప్పుడూ సర్వర్‌కి తగిలించి వుండకూడదు. మా మొదటి డిస్కును రాత్రి నకలు అయ్యాక విడదీస్తాం. ఈ పని ల్యాబ్ అసిస్టెంటు గారి వంతు, సెలవుల్లో మా వంతు.

దాచకూడనివి కూడా వుంటాయని చెబితే ఆశ్చర్యపోవద్దు. స్కాలర్‌షిప్పుల కోసం ఏనాడో స్కాన్ చేసిన విద్యార్థుల ఆధార్ కార్డులు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు ఒక ఫోల్డరు నిండా వున్నాయి. పని అయిపోయింది, విద్యార్థులు వెళ్ళిపోయారు. ప్రతి నకలూ వాటికి ఇంకో దొంగదారి. వ్యక్తిగత సమాచారం గురించి 2023లో చట్టం కూడా వచ్చింది. వాటిని నకలు తియ్యలేదు, హెడ్ గారి అనుమతితో సర్వర్లో కూడా తీసేశారు.

విత్తనం దాచిన రైతు విత్తే ముందు ఒక పని చేస్తాడు. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో మూట కడతాడు. మొలకలు లెక్కపెట్టి, ఎనభై దాటితే సరేనంటాడు. బ్యాకప్‌కి కూడా మొలక కట్టాలి. నకలు నుంచి ఫైళ్ళు తీసి వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. 1998లో 'టాయ్ స్టోరీ 2' సినిమా తయారవుతుండగా పిక్సార్ స్టూడియోలో ఎవరో ఇచ్చిన ఒక తుడిపివేత ఆజ్ఞతో సినిమా ఫైళ్ళు చాలా భాగం పోయాయి. బ్యాకప్ వుందిలే అనుకున్నారు, తీరా చూస్తే అది సరిగ్గా పనిచెయ్యడం లేదు. బిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సస్‌మన్ అనే ఆవిడ ఇంట్లోని కంప్యూటర్లో ఒక నకలు వుండబట్టి సినిమా బతికింది. అది అదృష్టం, బ్యాకప్ కాదు.

మేము కట్టిన మొలకలో నూరు ఫైళ్ళకు తొంభై ఏడు తెరుచుకున్నాయి. తెరుచుకోని మూడూ ఈ సావనీర్‌వే! విద్యార్థి సంఘం వాళ్ళు కొన్నేళ్ళు మా సర్వర్లో దాచుకున్న పాత సంచికల పేజ్‌మేకర్ ఫైళ్ళు. నకలులో లోపం లేదు, అసలు కూడా అలాగే వుంది. యూనికోడ్ రాకముందు పద్ధతిలో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు అది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మన కవితలన్నీ ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001లో వచ్చింది, ఆ తర్వాత కంపెనీ దాన్ని ఆపేసింది. అంటే "ఇన్‌స్టాలర్లన్నీ మళ్ళీ దొరుకుతాయి" అని మేము వదిలేసిన 1.2 టెరాబైట్లలో మళ్ళీ దొరకనివి కొన్ని వున్నాయన్నమాట. ఆ ఫాంట్లనూ, ఆ పాత సాఫ్ట్‌వేరునూ వెతికి తీసి, దాచే 300 గిగాబైట్లలో చేర్చాం.

అవి ఇంకా నడుస్తున్న కంప్యూటరు ల్యాబులో ఒక్కటే మిగిలింది. దాని మీద పాత సంచికలు ఒక్కొక్కటే తెరిచి పీడీఎఫ్‌లుగా మారుస్తున్నాం. 2007, 2008 అయ్యాయి. 2009 సంచిక ఫైలు మధ్యలో పద్దెనిమిది పేజీలు లేవు. పూర్వ విద్యార్థులెవరి దగ్గరైనా దాని అచ్చు ప్రతి వుంటే సంఘం గదిలో ఇవ్వగలరు. స్కాన్ చేసుకుని మళ్ళీ వారికే అందజేస్తాం.